పడిపోయిన కాలు నడక నేర్చుకోవాలంటే



మన కర్నూలు, కడప జిల్లాల్లో పక్షవాతం అనే మాటకంటే “కాలూ చెయ్యీ పడిపోయింది” అనే మాటే ఎక్కువగా వినపడుతుంది. నిన్నటిదాకా శనక్కాయల చేనుకు పోయివచ్చిన మనిషి తెల్లారేసరికి మంచంలో ఒక పక్కకు ఒరిగి ఉంటాడు. మూతి వంకరపోతుంది, మాట ముద్దగా వస్తుంది. ఆస్పత్రికి తీసుకుపోతారు. వారం పది రోజులకు, ప్రాణానికి భయం లేదని చెప్పి ఇంటికి పంపుతారు. అక్కడినుంచి ఆ మనిషి భారం ఇంట్లో ఆడవాళ్ళ మీద పడుతుంది. జబ్బు ఎందుకు వస్తుంది, రాకుండా ఏం జాగ్రత్త పడాలి అనేది డాక్టర్లు చాలాసార్లు చెప్పి ఉన్నారు. ఇంటికి వచ్చిన మనిషి లేచి నిలబడి, పడిపోకుండా నాలుగు అడుగులు వెయ్యడమెట్లా అన్నది మాత్రం మనల్ని కూచోబెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. ఈవేళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందుగా తెలుసుకోవలసింది, ఈ జబ్బులో చెడేది కాలూ కాదు, చెయ్యీ కాదు. మెదడుకు రక్తం తీసుకుపోయే నాళం ఒకటి గడ్డ అడ్డుపడి మూసుకుపోతుంది, లేదా చిట్లి రక్తం కారుతుంది. ఎక్కువమందిలో మూసుకుపోవడమే జరుగుతుంది. మెదడులో కుడి సగం మన ఎడమ పక్కను, ఎడమ సగం కుడి పక్కను నడిపిస్తుంది గనుక దెబ్బ ఒక పక్క, పడిపోయేది ఇంకో పక్క. బోరులో మోటారు బాగానే ఉండి కరెంటు తీగ తెగితే నీళ్ళు వస్తాయా? మోటారుకు ఎంత నూనె పోసినా రావు. ఇదీ అట్లాంటిదే. అయితే కరెంటు తీగకు లేని గుణం మెదడుకు ఒకటుంది. దెబ్బతిన్న చోటికి చుట్టుపక్కల ఉండే భాగాలు ఆ పనిని కొంతవరకు నేర్చుకుంటాయి. ఊరికే నేర్చుకోవు, చేయించిన పనినే నేర్చుకుంటాయి, అదీ వందలసార్లు చేయిస్తే. చేలో కాలిబాట ఒకరోజు ఒక మనిషి నడిస్తే పడదు గదా. నడక రావాలంటే నడకకు సంబంధించిన పనే పదేపదే చెయ్యాలి. కాలు పిసికినందువల్ల, నూనె మర్దనా చేసినందువల్ల ఒంటికి హాయిగా ఉండవచ్చు, నడక మాత్రం రాదు.

ఎంతవరకు వస్తుంది అని అందరూ అడుగుతారు. డెన్మార్కు దేశంలో కోపెన్‌హేగన్ నగరంలో ఈ జబ్బు వచ్చిన 804 మందిని వరసగా గమనించి 1995లో ఆ లెక్కలు ప్రచురించారు. ఆస్పత్రిలో చేరినప్పుడు నూటికి 51 మంది అసలు నడవలేరు. చికిత్సా, శిక్షణా అన్నీ ముగిసేసరికి బతికి ఉన్నవాళ్ళలో నూటికి 64 మంది ఎవరి సాయమూ లేకుండా నడిచారు. ఇంకో మాట కూడా ఆ లెక్కల్లోనే ఉంది. దాదాపు అందరికీ రావలసిన నడక మొదటి 11 వారాల్లోనే వచ్చింది. అంటే మూడు నెలలు కూడా నిండకముందే. మనవాళ్ళు ఆ మూడు నెలలే మనిషిని మంచంలో పెడతారు. ప్రేమతోనే పెడతారు, కాదనను. “యాడికి లేస్తావు నాయనా, పండుకో, నేను తెచ్చిస్తా గదా” అంటారు. చెంబెడు నీళ్ళకు కూడా లేవనివ్వరు. బిడ్డ నడక నేర్చేటప్పుడు పడుతుందని ఉయ్యాలలోనే పెట్టి పెంచుతామా?

అట్లాగని అదేరోజు లేపి నడిపించమని కాదు నేను చెప్పేది. జబ్బు వచ్చిన 24 గంటల్లోపే లేపి, పదేపదే నిలబెట్టి నడిపిస్తే మేలా అని అయిదు దేశాల్లో 2,104 మంది మీద పరీక్షించి, 2015లో ఫలితం చెప్పారు. అట్లా తొందరపెట్టినవాళ్ళకంటే, నిదానంగా లేపినవాళ్ళే కొంచెం మెరుగ్గా ఉన్నారు. కాబట్టి మొదటి రోజు డాక్టరుగారి మాట వినాలి. ఆయన సరేనన్న తర్వాత మాత్రం ఒక్క పూట కూడా వృథా చెయ్యకూడదు.

మొదటి పాఠం పడుకోవడం, కూచోవడం. నవ్వకండి. పడిపోయిన పక్క భుజం కింద దిండు పెట్టి, రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి. లేపేటప్పుడు చంకలో చెయ్యి వేసి ఎత్తడం, పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగడం అస్సలు కూడదు. ఆ భుజానికి బిగువు పోయి ఉంటుంది, కీలు జారుతుంది. ఒకసారి భుజం నొప్పి పట్టిందా, ఆ మనిషి తర్వాత ఏ వ్యాయామానికీ ఒప్పుకోడు. చూడవచ్చిన బంధువులందరూ ఆ చెయ్యే పట్టుకుని ఓదార్చి, ఆ చెయ్యే పట్టుకుని లేపబోతారు. మొహమాటపడకుండా వాళ్ళకు చెప్పండి.

కూచోబెట్టే దగ్గర మన నులక మంచంతో చిక్కు ఉంది. నులక మధ్యలోకి కుంగుతుంది. కూచున్న మనిషి ఆ గుంతలోకి జారి, మోకాళ్ళు పైకి లేచి, వెనక్కి వాలిపోతాడు. ఒళ్ళు బాగున్న మనకే కుక్కి మంచంలోంచి లేవడానికి రెండు ఊపులు కావాలి. ఇంట్లో బల్ల మంచం ఉంటే అది వెయ్యండి, లేకుంటే నులక మీద చెక్క పలక పరిచి పైన పరుపు వెయ్యండి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు నడుముకంటే పైకి లేవకూడదు. అట్లా కూచోబెట్టి, నీళ్ళ గ్లాసు ఒకటి ముందు ఎదురుగా, తర్వాత కొంచెం పక్కకు, తర్వాత పడిపోయిన పక్కకు పెట్టి మంచి చేత్తో అందుకోమనాలి. వంగినప్పుడు బరువు ఆ పక్క పిరుదు మీద, ఆ పాదం మీద పడుతుంది. చూసేవాళ్ళకు గ్లాసు అందుకున్నట్టే ఉంటుంది గానీ, తూకం తప్పకుండా ఒళ్ళు నిలబెట్టుకోవడం అక్కడే మొదలవుతుంది.

ఇక రెండో పాఠం, కూచున్న చోటినుంచి లేవడం. నన్నడిగితే మొత్తం నడక నేర్పడంలో ఇదే అసలు పని. లేవలేని మనిషి నడవలేడు. లేవడం బాగా వచ్చినవాడికి నడక సగం వచ్చినట్టే. చేతుల్లేని గట్టి కుర్చీ, కొంచెం ఎత్తుగా ఉన్నది గోడకు ఆనించి వెయ్యండి. మనిషి దాని అంచుకు జరిగి కూచోవాలి. పాదాలు ముందుకు చాపుకోకుండా, మోకాళ్ళకంటే కొంచెం వెనక్కి లాక్కోవాలి. చేతులు రెండూ వేళ్ళు కలిపి ముందుకు చాపమనండి. అప్పుడు ఒళ్ళు ముందుకు వంచాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా. ఇక్కడ అందరికీ భయమేస్తుంది, ముందుకు పడిపోతామని వెనక్కి వాలతారు. వెనక్కి వాలితే ఎంత బలమున్నా లేవలేరు. మీరు ఎదురుగా కూచుని, మీ మోకాళ్ళతో ఆయన పడిపోయిన మోకాలిని ముందుకు జారకుండా ఆనించి పట్టండి. ధైర్యం చెప్పండి. లేచి నిలబడ్డాక రెండు పాదాల మీదా సమానంగా బరువు ఉందా చూడండి. మొదట్లో ఎవరికీ ఉండదు. బరువంతా మంచికాలి మీద వేసి కొంగ మాదిరి నిలబడతారు. నిలబడింది గదా అని మనం సంతోషిస్తాం. పడిపోయిన కాలు మాత్రం అట్లా ఊరికే ఉంటే ఏమీ నేర్చుకోదు.

తర్వాత నిదానంగా, దబ్బున పడకుండా కూచోవాలి. కూచోవడం కూడా వ్యాయామమే. విడతకు అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి, రోజుకు మూడు నాలుగు విడతలు. అలవాటయిన కొద్దీ కుర్చీ ఎత్తు తగ్గించండి. ఎంతవరకు పెంచవచ్చో మీ డాక్టరుగారినీ, వ్యాయామం నేర్పేవాళ్ళనీ అడగండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళ సంగతి వేరు.

బరువు పడిపోయిన కాలి మీదికి రావడానికి ఒక మంచి ఉపాయం మన వంటింట్లోనే ఉంది. పీట. మనిషిని వంటగట్టు పట్టుకుని నిలబడమని, ముందు పీట వేసి, మంచికాలు ఎత్తి పీట మీద పెట్టమనండి. మంచికాలు పైకి లేచేసరికి ఒంటి బరువంతా మోసే పని రెండో కాలికి తప్పదు. మీరు పడిపోయిన పక్కనే నిలబడి నడుము పట్టుకోవాలి. మొదటిరోజు ఒక్క లెక్క పెట్టేలోగా కాలు దించేస్తారు. పది దాకా లెక్కపెట్టేంత సేపు నిలబడగలిగితే అడుగు వెయ్యడానికి సిద్ధమైనట్టు.

ఇక నడక. పట్టుకునేవాళ్ళు పడిపోయిన పక్క, అరడుగు వెనగ్గా ఉండాలి. నడుముకు గట్టి తువ్వాలు గానీ, పాత చీర మడతపెట్టి గానీ బిగించి, దాన్ని పట్టుకోండి. చెయ్యి పట్టుకోవద్దు. చాలామందికి పాదం వేళ్ళ పక్క కిందికి వాలిపోయి నేలకు రాసుకుంటుంది. అది తగలకుండా తప్పించడానికి కాలిని కొడవలి తిప్పినట్టు పక్కనుంచి తిప్పి వేస్తారు. తిట్టి మాన్పించేది కాదది. పాదం వాలిపోకుండా ఆపే ప్లాస్టిక్ పట్టీ ఒకటుంది, మడమ వెనకనుంచి పిక్కల దాకా వస్తుంది, చెప్పు లోపల వేసుకోవచ్చు. పెద్ద ఆస్పత్రుల్లో కొలత తీసి చేసిస్తారు. హవాయి చెప్పులు మాత్రం కట్టిపెట్టండి. స్పర్శ లేని పాదంనుంచి చెప్పు ఎప్పుడు జారిందో ఆ మనిషికే తెలియదు. వెనక పట్టీ ఉన్నవే కొనండి.

చేతికర్ర గురించి మన ముసలివాళ్ళతో పెద్ద తగువు. గొర్రెల కాపరి కర్ర మాదిరి భుజం దాకా వచ్చే కర్ర అయితేనే వాళ్ళకు తృప్తి. పనికి వచ్చేది అది కాదు. నిలబడి చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు దగ్గర గీత ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు చాలు. కర్రను మంచిచేత్తో పట్టుకోవాలి. ముందు కర్ర, తర్వాత పడిపోయిన కాలు, ఆ తర్వాత మంచికాలు. కర్ర కింద రబ్బరు బుడిపె తప్పనిసరి. మన ఇళ్ళలో పరిచేవి కడప బండలు, బేతంచెర్ల బండలు. ఎండకు చల్లగా ఉంటాయి, తుడుచుకోవడానికి సుఖం. పాలిషు పట్టినవైతే నీళ్ళు పడితే అద్దమే. రబ్బరు అరిగిన కర్ర వాటి మీద పెట్టడంకంటే కర్ర లేకుండా నడవడం నయం. రెండు చేతులతో పట్టుకునే వాకరు ఒక చెయ్యి పడిపోయినవాళ్ళకు సాధారణంగా పనికిరాదు. డబ్బు పెట్టి కొనేముందు అడిగి కొనండి.

మెట్లు, గడపల దగ్గర ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. ఎక్కేటప్పుడు ఒంటిని పైకి లేపేది ముందు పెట్టిన కాలు. దిగేటప్పుడు ఒంటిని ఆపుకుంటూ దించేది వెనకనున్న కాలు. అందుకని రెండుసార్లూ కష్టం మంచికాలిదే కావాలి. ఇక్కడ మన ఆచారం ఒకటి అడ్డుపడుతుంది. ఆస్పత్రినుంచి మొదటిసారి ఇంటికి వచ్చిన మనిషిని గడప దగ్గర నిలబెట్టి “కుడికాలు పెట్టి రా” అంటారు. కుడిపక్కే పడిపోయిన మనిషి ఆ కాలు ఎట్లా ఎత్తుతాడు? దిష్టి తియ్యండి, హారతి ఇవ్వండి, అడుగు మాత్రం ఏది వస్తే అది వెయ్యనివ్వండి.

మా బంధువుల్లో పిన్నమ్మ వరసయ్యే ఒకావిడకు ఎడమపక్క పడిపోయింది. నెల తిరిగేసరికి పట్టుకుంటే నడుస్తున్నది, అయినా వాకిలి దాటేటప్పుడల్లా ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకునేది. కళ్ళు బాగానే ఉన్నాయి. కంచంలో సంగటి కుడిపక్క తిని, ఎడమపక్క ఉన్నది ఉన్నట్టే వదిలి, “ఇంకొంచెం పెట్టండి” అని అడిగేది. ఇంట్లోవాళ్ళు మతి పోయిందనుకున్నారు. మతి కాదు. మెదడులో కుడిపక్క దెబ్బ తగిలిన కొందరికి ఎడమపక్క అనేదే ఒకటుందన్న ధ్యాస ఉండదు. వ్యాయామం నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఆ సంగతి చెప్పి, మంచం తిప్పి వేయించింది, మనుషులందరూ ఎడమపక్కనుంచే వచ్చి పలకరించేటట్టు. తాగే నీళ్ళు ఎడమపక్క, రేడియో ఎడమపక్క. తర్వాత ఆవిడను వంటింట్లోకి తీసుకుపోయి, గట్టుకు ఆనించి నిలబెట్టి కొత్తిమీర వలవమన్నది, ఎడమపక్కనున్న చేటలోంచి తీసుకుని. అత్తగారు “ఒంట్లో బాగలేని మనిషితో పని చేయిస్తారా” అని గొడవపడింది. పనికోసం కాదు తల్లీ, పావుగంట నిలబడి అటూ ఇటూ తిరగడంకోసం. ఉత్తగా నిలబడమంటే అయిదు నిమిషాలకే విసుగుపడే పిన్నమ్మ, వంటగట్టు దగ్గర అరగంట నిలబడేది.

ఆడమనిషి పడిపోయిన ఇళ్ళల్లో ఇంకో రకం గోడు చూస్తాను. మగాయనకు జబ్బు చేస్తే ఆటో మాట్లాడి వారానికి మూడుసార్లు వ్యాయామానికి తీసుకుపోతారు. ఆవిడకు చేస్తే “ఇంట్లోనే కదా ఉండేది, ఎక్కడికి నడిచిపోవాల” అంటారు. స్నానాలగదికి ఎవరినీ పిలవకుండా తనంతట తాను పోయిరావడంకంటే ఆడమనిషికి కావలసిన గౌరవం ఇంకేముంటుంది? ఆ పదడుగుల నడకకోసమైనా తీసుకుపోవాలి.

ఇంట్లో చేయించుకుంటే సరిపోతుందా, పట్నంలో యంత్రాలున్న చోటికి పోవాలా అనే ప్రశ్న చాలామందికి ఉంది. నడుముకు పట్టీ వేసి పైనుంచి కొంత బరువు ఎత్తిపట్టి, కింద తిరిగే పట్టా మీద నడిపించే యంత్రాలు ఉన్నాయి. అమెరికాలో 408 మంది రోగులను మూడు గుంపులు చేసి పరీక్షించి 2011లో ఫలితం ప్రచురించారు. ఒక గుంపుకు రెండు నెలలకు, ఇంకో గుంపుకు ఆరు నెలలకు ఆ యంత్రం మీద నడక. మూడో గుంపుకు యంత్రం లేదు, వ్యాయామం నేర్పేవాళ్ళే ఇంటికి వచ్చి బలానికీ తూకానికీ వ్యాయామాలు చేయించారు. ఎవరికైనా గంటన్నర చొప్పున 36 సార్లు. సంవత్సరం తిరిగేసరికి అందరినీ కలిపి చూస్తే నూటికి 52 మంది నడక మెరుగైంది, మూడు గుంపుల మధ్యా తేడా లేదు. యంత్రం లేదని దిగులు అక్కర్లేదని ఒకటి, ఆరు నెలలు దాటినా ఆశ వదులుకోనక్కర్లేదని ఇంకోటి, ఈ పరీక్షవల్ల తెలిసింది.

అయితే ఇందులో మనం మరచిపోకూడని మాట, ఇంటికి వచ్చి చేయించింది ఆ విద్య చదువుకున్నవాళ్ళు. ఇంట్లోవాళ్ళకే నేర్పి వదిలిపెడితే ఎట్లా ఉంటుందని మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది మీద చూశారు, ఫలితం 2017లో వచ్చింది. ఇంటివాళ్ళకు నేర్పిన గుంపులోనూ, మామూలు వైద్యమే పొందిన గుంపులోనూ ఆరు నెలలకు చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడినవాళ్ళు కలిపి నూటికి 47 మందే. తేడా లేదు. ఇది విని నాకు కొంచెం మనసు చివుక్కుమన్న మాట నిజం, ఆడవాళ్ళం ఇంత పాటుపడతామే అని. కానీ ఆలోచిస్తే, మొదట్లో నేర్పిన నాలుగు పద్ధతులే ఆరు నెలలూ చేయిస్తూ పోతే ఎట్లా? మనిషి మెరుగవుతున్న కొద్దీ పాఠం మారాలి. కుర్చీ ఎత్తు తగ్గించేదెప్పుడు, కర్ర మాన్పించేదెప్పుడు, మోకాలు వెనక్కి విరుచుకుంటుంటే ఏం చెయ్యాలి, ఇవి చూసి చెప్పేవాళ్ళు కావాలి. కర్నూలు సర్వజన ఆస్పత్రిలోనూ, మనం రిమ్స్ అని పిలుచుకునే కడప ఆస్పత్రిలోనూ చూపించుకునేటప్పుడు ఫిజియోథెరపీకి చీటీ రాయమని నోరు తెరిచి అడగండి. రోజూ పోలేనివాళ్ళు పదిహేను రోజులకొకసారైనా పోయి, చేయిస్తున్నది చూపించి, కొత్త పాఠం అడిగి రండి. కడప వైపునుంచి వేలూరు పోయేవాళ్ళు చానామంది ఉన్నారు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో ఇట్లాంటి శిక్షణకోసం ప్రత్యేక కేంద్రం 1966లోనే పెట్టిన మేరీ వర్గీస్ అనే డాక్టరమ్మ, 1954లో కారు ప్రమాదంలో నడుం కిందినుంచి పడిపోయి, చక్రాల కుర్చీలో కూచునే ఆపరేషన్లు చేసిన మనిషి.

నడక వచ్చేకొద్దీ పడిపోయే భయం పెరుగుతుంది, ఎందుకంటే మంచంలో ఉన్నవాడు పడడు. ఎక్కువగా పడేది మలుపు తిరిగేటప్పుడు. ఉన్నచోటనే గిర్రున తిరగవద్దని, నాలుగైదు చిన్న అడుగులతో చుట్టు తిరగమని చెప్పండి. రెండోది స్నానాలగది. తడి బండ మీద పాత గోనెసంచి వెయ్యడం మనవాళ్ళ అలవాటు, అదే కాలికి చుట్టుకుంటుంది. జారని రబ్బరు చాప వెయ్యండి, గోడకు ఇనుప కడ్డీ ఒకటి బిగించండి, కూచుని పోసుకోవడానికి ముక్కాలిపీట కాదు, నాలుగు కాళ్ళ ప్లాస్టిక్ కుర్చీ పెట్టండి. రాత్రిపూట దొడ్డికి పోయే దారిలో దీపం ఉండాలి. మూడోది మాట. నడుస్తున్న మనిషిని వెనకనుంచి “అబ్బా, తిన్నావా” అని కేకేస్తాం. స్వీడన్‌లో ఒక ఆశ్రమంలో ముసలివాళ్ళను గమనించి 1997లో రాశారు, నడుస్తూ మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆగిపోయేవాళ్ళే తర్వాత ఎక్కువగా పడ్డారట. నడకకే మెదడంతా పెట్టవలసి వచ్చేవాడికి మాటకు చోటు ఉండదు. మొదట్లో నడిచేటప్పుడు పలకరించవద్దు. నడక కుదిరాక మాత్రం కావాలనే మాట్లాడించాలి, చేతికి గ్లాసు ఇచ్చి నడిపించాలి, బజారులో నడక అట్లాగే ఉంటుంది గదా.

మెరుగవుతున్నదా లేదా తెలుసుకోవడానికి ఒక కొలత చెబుతాను. వాకిట్లో పది మీటర్ల దూరం కొలిచి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి ముగ్గుగీత గియ్యండి. గీతకు రెండడుగుల ముందునుంచే నడక మొదలుపెట్టించి, గీతనుంచి గీతకు ఎన్ని సెకండ్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. 25 సెకండ్లకు మించి పడితే ఆ నడక ఇంట్లో తిరగడానికే చాలుతుంది. 12, 13 సెకండ్లలో దాటగలిగితే బయట తిరగడానికి, రోడ్డు దాటడానికి పనికి వచ్చే నడక. ఇది డాక్టర్లు వాడే కొలతే. వారానికొకసారి రాసిపెట్టిన ఆ కాగితం ఆస్పత్రికి తీసుకుపోతే వాళ్ళకూ ఉపయోగం, “ఏమీ బాగు కాలేదు” అని ఏడ్చే మనిషికి చూపించడానికీ ఉపయోగం. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి దిగులుజబ్బు కూడా పట్టుకుంటుంది. ఒళ్ళు సహకరించినా మనసు రాక మూలన కూచుంటే బద్ధకమని తిట్టకుండా డాక్టరుకు చెప్పండి, మందులున్నాయి. ఎండాకాలంలో నడక తెల్లవారుజామునే ముగించండి, మన కర్నూలు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇక నాటుమందుల మాట. పావురం రక్తం పూస్తారు, ఆకుపసరు తాగిస్తారు, పథ్యం పెట్టి బీపీ బిళ్ళలు మాన్పిస్తారు. పావురం రక్తంవల్ల మేలు లేదు, పాపం పావురానికి తప్ప ఎవరికీ కీడూ లేదు. బిళ్ళలు మాన్పించడం మాత్రం ప్రాణాంతకం, ఈ జబ్బు ఒకసారి వచ్చినవాళ్ళకు రెండోసారి రావడం తేలిక. మళ్ళీ మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి జారిపోయినా టైము చూసుకుని వెంటనే 108కి ఫోను చెయ్యండి. మూసుకుపోయిన నాళాన్ని తెరిచే సూదిమందు నాలుగున్నర గంటల్లోపు వెయ్యాలి. వ్యాయామం చేయించేటప్పుడు ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి అన్నా ఆపి కూచోబెట్టండి, అది తగ్గకపోతే ఆస్పత్రికే. ఒక పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పిపెడితే మాత్రం పిసకవద్దు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, ఆరోజే డాక్టరుకు చూపించాలి.

చేసేవాళ్ళ నడుం గురించి ఒక్కమాట. మనిషిని ఎత్తవద్దు, లేవడానికి సాయపడండి, అంతే. వంగేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచండి. పూటకొకరు చొప్పున వంతులు వేసుకోండి, అందులో మగవాళ్ళ వంతూ ఉండాలి.

నడక పూర్తిగా రానివాళ్ళు వికలాంగుల సర్టిఫికెట్టుకు పెట్టుకోవచ్చు. నూటికి నలభై, ఆపైన లోపం ఉన్నట్టు తేలాలి. 2024 జులైనుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికో చక్రాల కుర్చీకో అతుక్కుపోయిన పక్షవాత రోగులకు 15,000. సదరం శిబిరానికి సచివాలయంలో పేరు రాయించుకుని, వాళ్ళిచ్చిన తేదీకి ఆస్పత్రి చీటీలు, తలకు తీసిన స్కానింగు కాగితాలు, ఆధార్ కార్డు పట్టుకుని పోవాలి. అక్కడ గంటలకొద్దీ కూచోవలసి వస్తుంది. మనిషి నడవగలిగితే కర్రతో నడిపించే తీసుకుపోండి, కూచోవడానికి వీపు ఆనే కుర్చీ, తాగడానికి నీళ్ళు వెంట ఉంచుకోండి, మధ్యాహ్నం వేసుకోవలసిన బిళ్ళలు మరవకండి.